సిప్రియానో కళ్ళు ఆర్పలేదు

"నేటి నుంచి మన పట్టణంలో ఎవరు పోయినా నగదు రహితంగానే పోతారు" అని అపోలోనియా పట్టణ వైస్ మేయర్ గావినో అల్కరాస్ గారు మునిసిపల్ హాలు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. చప్పట్లు మోగాయి. బ్యాండు వాళ్ళకి అలాంటి సందర్భానికి ఏ పాట వాయించాలో తెలియక పుట్టినరోజు పాట వాయించారు.

ఆ ఊళ్ళో మనిషి పోతే వెంటనే పూడ్చరు. పెట్టెలో పడుకోబెట్టి, పైన అద్దం బిగించి, వారం పది రోజులు ఇంట్లోనే ఉంచి జాగారం చేస్తారు. వచ్చినవాళ్ళు పెట్టె పక్కనున్న రేకు డబ్బాలో తోచినంత వేస్తారు. మా ఇంట్లో పోయినప్పుడు నువ్వు ఏం ఇచ్చావో, మీ ఇంట్లో పోయినప్పుడు నేను సరిగ్గా అదే తిరిగి ఇవ్వాలి. ఇచ్చినవాళ్ళకి ఇంటివాళ్ళు థాంక్స్ మాత్రం చెప్పకూడదు. చెబితే మృత్యువుని మళ్ళీ రమ్మన్నట్టేనని భయం.

ఈ డబ్బాలో పారదర్శకత లేదని గావినో గారు కనిపెట్టారు. అది రేకు డబ్బా కాబట్టి ఆయన కనిపెట్టింది నిజమే. అందుకని కౌన్సిల్లో ఆర్డినెన్సు తెచ్చారు. చావింటి గడప లోపల నగదు చందా నిషేధం. ఇచ్చేది ఏదైనా లిక్సీ పే అనే కంపెనీ వారి చదరపు గళ్ళ క్యూఆర్ బొమ్మని ఫోనుతో స్కాన్ చేసి పంపాలి. కాదని ఎవరైనా నోటు తీస్తే జరిమానా. ఆ జరిమానా మాత్రం నగదుగా కట్టొచ్చు. కంపెనీ వారు పట్టణానికి ఉదారంగా రెండు వందల గొడుగులు బహూకరించారు. గొడుగుల మీద గావినో గారి ముఖం ఉండటం కాకతాళీయం.

పిలవని చోటికి వెళ్ళడంలో గావినో గారిని మించినవారు ఆ జిల్లాలోనే లేరు. ఏ ఇంట్లో దీపం ఆరినా మొదటి ఏడుపు కంటే ముందు ఆయన ఫ్లెక్సీ వచ్చి వాలేది. 'ప్రగాఢ సానుభూతితో, మీ గావినో' అని అక్షరాలు, పక్కన ఆయన నిలువెత్తు చిరునవ్వు. రాబోయే ఎన్నికల్లో మేయర్ పదవికి నిలబడబోతున్నారు కాబట్టి సానుభూతి మామూలు కంటే ఎక్కువగా పొంగుతోంది.

పథకం సిద్ధం, గొడుగులు సిద్ధం, పోయేవాడే కరువయ్యాడు. గావినో గారి అసిస్టెంటు మెల్చోర్ రోజూ పొద్దున్నే శవపేటికల దుకాణం ఎలిజియోకి ఫోన్ చేసేవాడు.

"ఏమన్నా తగిలిందా?"

"ఇంకా లేదు బాబూ. ఈ నెల ఊరు మరీ ఆరోగ్యంగా ఉంది."

"సార్ అడుగుతున్నారు. కొంచెం చూడు."

ఆ వారంలోనే, జీపుని సాగదీసి చిన్న బస్సు చేసినట్టుండే జీప్నీకి డ్రైవరైన సిప్రియానో మగ్‌బువాత్ భోజనం చేసి, స్టీరింగు మీద తల వాల్చి కునుకు తీసి, మళ్ళీ లేవలేదు. ముప్ఫై ఏళ్ళుగా అదే జీప్నీ, అదే రూటు. అతని భార్య రొసెండా అదే స్టాండులో పంచదార పాకం పట్టిన అరటిపళ్ళు వేయించి పుల్లకి గుచ్చి అమ్మేది. మూకుడు పొయ్యి మీదే ఉంచి వచ్చి చూసేసరికి ఆయన ముఖం మీద ఎండ పడుతోంది. 'ఎండ పడుతున్నా లేవడేంటి ఈ మనిషి' అనుకుంది ముందు. తరవాత మూకుడు మాడిపోయింది, ఆమె పట్టించుకోలేదు.

సాయంత్రానికి గావినో గారు వచ్చారు. రొసెండా రెండు చేతులూ పట్టుకున్నారు. ఫొటో సరిగ్గా రాలేదని ఫొటోగ్రాఫరు అంటే మళ్ళీ పట్టుకున్నారు.

"అమ్మా, నీ భర్త సామాన్యుడు కాడు. ఈ దేశంలోనే మొట్టమొదటి డిజిటల్ మృతుడు."

"ఆయనకి చదువు రాదండీ" అంది రొసెండా.

"అందుకే ఆయన్ని ఎంచుకున్నాం. దీన్నే ఇన్‌క్లూజన్ అంటారు."

అకౌంటు ఎవరి పేరు మీద అన్న ప్రశ్న వచ్చింది. రొసెండాది నొక్కుడు బటన్ల ఫోను. సిప్రియానోకి మాత్రం స్మార్ట్ ఫోనూ, లిక్సీ పే అకౌంటూ రెండూ ఉన్నాయి. కాలేజీ పిల్లలు చిల్లర లేదంటూ దిగిపోతున్నారని ఈ మధ్యే పెట్టించుకున్నాడు. మెల్చోర్ క్షణం ఆలోచించి, "చందా ఎవరి కోసం? ఆయన కోసమేగా! ఆయన అకౌంటుకే పోనీ" అన్నాడు. ఇంత సూటి తర్కానికి ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు. సిప్రియానో గళ్ళ బొమ్మని తలుపంత ఫ్లెక్సీ వేయించి పెట్టె తల దగ్గర కట్టారు. కింద లిక్సీ పే నినాదం: 'ఆగదు, అలయదు!'

"రోజూ ఎంత వస్తే అంత తీసుకోవచ్చా బాబూ?" అని అడిగింది రొసెండా. పెట్టెకీ, శవం పాడవకుండా ఎక్కించిన మందుకీ, గోతికీ కలిపి ఎలిజియో ముప్ఫై ఎనిమిది వేల పెసోలు చెప్పాడు. సొమ్ము ముడితేగానీ పూడ్చనని కూడా చెప్పాడు.

"వద్దు పిన్నీ, చివర్లో మొత్తం ఒకేసారి తీద్దాం. సార్ స్టేజి మీద ఇస్తారు" అన్నాడు మెల్చోర్.

జాగారం జోరుగా మొదలైంది. చావింట్లో పేకాడితే పోలీసులు పట్టుకోరు కాబట్టి ఆ ఊళ్ళో పేకాటరాయుళ్ళకి సంతాపం ఎక్కువ. గెలిచినవాడు ప్రతి ఆటకీ ఇరవై పెసోలు చావింటివాళ్ళకి ఇవ్వాలి. ఇదివరకు డబ్బాలో టంగుమని వేసేవాళ్ళు, ఇప్పుడు ఫోను చూపించి టింగుమనిపిస్తున్నారు. ముక్కలు పంచడం, టింగు. కాఫీ, టింగు. ప్రార్థన మధ్యలో టింగు. పుచ్చగింజలు కొరికి పొట్టు నేల మీద ఉమ్మడం, మళ్ళీ టింగు. శవం లేచేదాకా ఇల్లు ఊడవకూడదు కనక పొట్టు పెరుగుతూ వచ్చింది. గావినో గారు రోజూ దీపాలు పెట్టే వేళకి వచ్చి ప్రసంగించేవారు. ప్రచార సభలకి ఎన్నికల సంఘం లెక్కలు అడుగుతుంది, జాగారానికి అడగదు.

చూస్తుండగానే నలభై వేలు దాటింది. రొసెండాకి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆదివారం పూడ్చేద్దామని పాదిరీ గారికి కబురు పెట్టింది.

శనివారం టింగులు ఆగిపోయాయి.

మెల్చోర్ సిప్రియానో ఫోను తెరిచాడు. తెర మీద గులాబీ రంగు బొమ్మ ఒకటి చెయ్యి ఊపుతోంది. కంపెనీ వారి చాట్ యంత్రం. దాని పేరు లిక్సీ అక్క.

'హలో సిప్రియానో! ఈ రోజు ఎలా ఉన్నారు? మీ అకౌంటులో మునుపెన్నడూ లేని చురుకుదనం కనిపిస్తోంది. మీ భద్రత కోసం అకౌంటు స్తంభింపజేశాం. ఇది మీరే అని నిరూపించడానికి కెమెరా వైపు చూసి కళ్ళు ఆర్పండి.'

మెల్చోర్ చదివి వినిపించాడు. పేక ముక్కలు ఆగిపోయాయి. అందరూ పెట్టె వైపు చూశారు.

"చురుకుదనం ఏంట్రా?" అన్నాడు సిప్రియానో తోటి డ్రైవరు, ప్రాణస్నేహితుడు క్లెటో. "బతికుండగా ఎప్పుడూ లేదు వాడికి."

గావినో గారికి కబురు వెళ్ళింది. సాధారణ నాయకుడైతే కంపెనీని తిట్టేవాడు. ఆయన దార్శనికుడు.

"టెక్నాలజీతో మనం సహకరించాలి. ఎలిజియో, అద్దం ఎత్తు" అన్నారు.

ఎలిజియో అద్దం ఎత్తాడు. మెల్చోర్ ఫోను సిప్రియానో ముఖం మీదికి వంచాడు. లిక్సీ అక్క గొంతు గది అంతా తియ్యగా వినిపించింది.

'ముఖాన్ని చట్రంలోకి తీసుకురండి. చాలా బాగుంది! కదలకండి. శభాష్! ఇప్పుడు చిరునవ్వు నవ్వండి.'

"అది పాసవుతుంది చూడండి" అన్నాడు ఎలిజియో ఛాతీ విరిచి. "నవ్వు నేనే పెట్టాను."

పాసైంది.

'అద్భుతం! ఇప్పుడు కళ్ళు ఆర్పండి.'

గావినో గారు పెట్టె మీదికి వంగి, ఓటర్లతో మాట్లాడే గొంతుతో, "సిప్రియానో, మన పట్టణం కోసం ఒక్కసారి" అన్నారు.

"ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను, నేను లేపితేనే లేచేవాడు కాదు" అంది రొసెండా. "అద్దం మూసెయ్యండి. ఈగలు వాలతాయి."

'క్షమించండి, మీరు సజీవంగా ఉన్నట్టు మాకు నమ్మకం కలగలేదు. మళ్ళీ ప్రయత్నించండి.'

అబద్ధమాడి లాభం లేదని మరణ ధ్రువపత్రం పంపించారు. కంపెనీ నుంచి జవాబు వెంటనే వచ్చింది, 'ఆగదు, అలయదు' అన్న మాట నిలబెట్టుకుంటూ. 'ప్రియమైన సిప్రియానో, మీరు మరణించారని తెలిసి ఎంతో చింతిస్తున్నాం. మరణానంతరం లావాదేవీలు జరపడం మా నిబంధనలకి విరుద్ధం. మీ అకౌంటు శాశ్వతంగా మూసివేశాం. అందులోని సొమ్ము పరిశీలన నిమిత్తం ఆరు నెలలు మా దగ్గర భద్రంగా ఉంటుంది. ఈ నిర్ణయంపై మీరు స్వయంగా అప్పీలు చేసుకోవచ్చు. మా సేవకి ఎన్ని చుక్కలు ఇస్తారు?'

మెల్చోర్ అయిదు చుక్కలూ ఇచ్చాడు. కోపం తెప్పించకూడదు కదా అన్నాడు.

పాదిరీ గారు ఆదివారం వచ్చి ఆదివారమే వెళ్ళిపోయారు. రొసెండా ఎలిజియో కాళ్ళ మీద పడ్డంత పని చేసింది.

"అక్కా, డబ్బు తెర మీద కనిపిస్తోంది, కాదన్ను. కానీ నాకు చెక్క అమ్మేవాడు తెర తీసుకోడు" అన్నాడు ఎలిజియో. అతనూ చెడ్డవాడేం కాదు. మందు మళ్ళీ ఎక్కించినందుకు సగం డబ్బే వేసుకున్నాడు.

కాబట్టి జాగారం కొనసాగింది. పేకాటరాయుళ్ళకి పండగ. గావినో గారికి రోజూ జనం. ఖర్చంతా ఒక్క రొసెండాదే. రోజూ కాఫీ, రోజూ బిస్కట్లు, రోజూ అల్లం వేసిన కోడి జావ. అరటిపళ్ళ బండి అమ్మేసింది. పొట్టు చీలమండల దాకా వచ్చింది. తెల్లవారుతుండగా ఎవరూ లేని కాసేపు ఆమె పెట్టె పక్కన కూర్చుని అద్దం తుడిచేది. ముప్ఫై ఏళ్ళలో ఒక్క ప్యాసింజరుని కూడా స్టాండులో నిలబెట్టిన మనిషి కాదు. జీప్నీ నిండకపోయినా ఆఫీసు వేళకి తీసేసేవాడు. అలాంటివాణ్ణి ఇలా ఊరందరి ముందూ ఆపేసి కూర్చోబెట్టారు. ఆ ఉక్రోషానికి ఆమెకి ఏడుపు కూడా సరిగ్గా వచ్చేది కాదు.

ప్రజల కష్టం గావినో గారు చూడలేరు. ఒక సాయంత్రం ఆయన లిక్సీ పే ప్రాంతీయ మేనేజరమ్మని స్వయంగా వెంటబెట్టుకొచ్చారు. వెనకాల ఇద్దరు మనుషులు అట్టతో చేసిన చెక్కు ఒకటి మోసుకొచ్చారు. గుమ్మంలో పట్టక అడ్డంగా తిప్పారు. 'చెల్లించవలసినది: సిప్రియానో మగ్‌బువాత్. నలభై ఒక్క వేల పెసోలు.' కింద గావినో గారి ముఖం. శవానికీ రొసెండాకీ మధ్య దాన్ని నిలబెట్టి ఫొటోలు తీశారు. శవం సరిగ్గా పడలేదంటే పెట్టెని కొంచెం ఏటవాలుగా ఎత్తారు.

"ఇది ఎక్కడ మార్చుకోవాలండీ?" అని అడిగింది రొసెండా.

మేనేజరమ్మ ముచ్చటగా నవ్వింది. "ఇది సింబాలిక్ అండీ. మా నిబద్ధతకి గుర్తు."

"ఎలిజియో, సింబాలిక్‌గా పూడుస్తావా నాయనా?"



"పరిశీలన పూర్తవగానే అసలు సొమ్ము వస్తుందమ్మా" అన్నారు గావినో గారు, మైకు దగ్గరికి జరిగి. "ఒక చిన్న థాంక్స్ చెబితే వీడియో తీసుకుంటారు."

"చావింట్లో థాంక్స్ చెప్పకూడదండీ. మీకే మంచిది కాదు."

గావినో గారు మైకు వదిలేసి, చప్పున రెండడుగులు వెనక్కి వేశారు. వెళ్ళేటప్పుడు మెల్చోర్ చెక్కు ఎత్తుకోబోయాడు. పేరు మీద కాగితం అంటించి వరద బాధితులకి మళ్ళీ వాడాలట.

"చావింటి వస్తువు ఇంటికి తీసుకెళితే ఇంకెవరో పోతారు తెలుసా?" అంది రొసెండా.

మెల్చోర్ దాన్ని వేలు కాలినట్టు వదిలేశాడు.

ఆ మర్నాడు రొసెండా స్టాండుకి వెళ్ళి క్లెటోని పట్టుకుంది.

"తమ్ముడూ, ఆర్డినెన్సు ఏమంటోంది? చావింటి గడప లోపల చందా ఇవ్వకూడదనేగా?"

"అంతే అక్కా."

"జీప్నీకి గడప ఉందా?"

క్లెటో బీడీ పారేసి లేచాడు.

సాయంత్రానికి సిప్రియానో జీప్నీ ఇంటి ముందు రోడ్డు మీద ఆగి ఉంది. డ్రైవరు సీట్లో క్లెటో. పక్క సీట్లో, ఎప్పుడూ కూర్చునే చోట, రొసెండా. ఊళ్ళో జీప్నీ ఎక్కిన ప్రతివాడికీ ఒక అలవాటు ఉంది. కండక్టరు ఉండడు, వెనక కూర్చున్నవాడు ఛార్జీ పక్కవాడి చేతిలో పెడతాడు, ఆ చేయి ముందు చేతికి, అది డ్రైవరుకి. అందరి చేతులూ మారుతుంది, ఒక్క పెసో ఎక్కడా ఆగదు. దానికి ఆర్డినెన్సూ లేదు, యంత్రమూ లేదు.

మొదట పేకాట బల్ల నుంచి ఒకడు లేచి వెళ్ళి ఎక్కాడు.

"ఛార్జీ! కొంచెం అందించండి."

"ఎక్కడికి?" అన్నాడు క్లెటో అద్దంలో చూస్తూ.

"సిప్రియానో వెళ్ళే చోటికి."

"అక్కడిదాకానా?"

"అమ్మో, కాదు కాదు! శ్మశానం గేటు దాకానే. తిరుగు టికెట్టుతో సహా తీసుకో."

జీప్నీ పగలబడి నవ్వింది. నవ్వుతూనే నోటు చేతులు మారి ముందుకు వచ్చింది. వాడు దిగాడు, ఇంకో పది మంది ఎక్కారు. కాలేజీ పిల్లలు ఎక్కారు, ఎప్పుడో ఎగ్గొట్టిన చిల్లర కూడా కలిపి ఇచ్చారు. చేపలమ్మే ముసలమ్మ ఒకామె కదలని బండిలో కూర్చుని, "సిప్రియానో అయితే ఈపాటికి తీసేసేవాడు" అని గొణుక్కుంటూ యాభై ఇచ్చింది. మునిసిపల్ గార్డు ఒకడు వచ్చి అనుమానంగా చూశాడు.

"ఏం జరుగుతోంది ఇక్కడ?"

"ప్యాసింజర్లు ఎక్కుతున్నారు."

"బండి కదలడం లేదు?"

"ట్రాఫిక్కు" అన్నాడు క్లెటో.

గార్డు ఆర్డినెన్సు కాగితం అటూ ఇటూ తిప్పాడు. జీప్నీ అన్న మాట అందులో లేదు. అతను కూడా ఎక్కి కూర్చున్నాడు. "కొంచెం అందించండి" అన్నాడు గొంతు తగ్గించి.

ముందు సీట్లో ఒళ్ళో కొంగు పరుచుకుని కూర్చున్న రొసెండాకి వెనక నుంచి నోట్లు వస్తూనే ఉన్నాయి. ఎవరివో చూడలేదు, చూడనక్కర్లేదు కూడా. ముప్ఫై ఏళ్ళు ఆయన చేతికి అందిన చేతులే అవి. అప్పుడు వచ్చింది ఆమెకి ఏడుపు. కరువుతీరా ఏడ్చింది.

మర్నాడు పొద్దున ఎలిజియో బాకీ తీర్చి, సిప్రియానోని అదే జీప్నీలో, అదే రూటులో శ్మశానానికి తీసుకెళ్ళారు. ఇంటికి వచ్చి రొసెండా చీపురు పట్టింది. పొట్టు ఊడ్చడానికి మధ్యాహ్నం అయింది. గావినో గారి పత్రికా ప్రకటన సాయంత్రం పేపర్లో పడింది. 'దేశంలో తొలి నగదు రహిత అంత్యక్రియలు దిగ్విజయం.' చెక్కు ఫొటో కూడా వేశారు.

రెండు నెలలకి గావినో గారి మామగారు, పట్టణంలో సగం రైసు మిల్లులకి యజమాని, కాలం చేశారు. జాగారానికి గవర్నరుతో, విలేకర్లతో సహా జిల్లా అంతా కదిలింది. పెట్టె నల్లచేవ మానుది. దాని పక్కన గాజు పెట్టె, ఇటొక పోలీసు, అటొక పోలీసు. గాజు పెట్టె మీద మెల్చోర్ అందమైన చేతిరాతతో ఒక బోర్డు ఉంది.

'నగదు మాత్రమే.'

రొసెండా నల్ల గౌను వేసుకుని వచ్చింది. వెనకాల క్లెటోతో కలిసి నలుగురు డ్రైవర్లు ఏదో దుప్పటి కప్పి మోసుకొచ్చారు. గుమ్మం పెద్దది కాబట్టి అడ్డంగా తిప్పాల్సిన అవసరం రాలేదు. గాజు పెట్టెకి ఆనించి నిలబెట్టి దుప్పటి తీశారు. గావినో గారి నిలువెత్తు చిరునవ్వు ఆయన ఎదురుగానే వెలిగింది. గవర్నరు గారు వంగి అంకె చదివారు. విలేకర్లు కెమెరాలు ఎత్తారు.

గావినో గారు నోరు తెరిచారు.

"మా ఆయన పోయినప్పుడు మీరు ఏది ఇచ్చారో సరిగ్గా అదే తెచ్చానండీ" అంది రొసెండా. "గీత కూడా పడలేదు. థాంక్స్ మాత్రం చెప్పకండి. చావింట్లో చెప్పకూడదు."

గావినో గారు చెప్పలేదు.